అద్దె పోర్షన్‌లో వంటగట్టు మార్పిడి: పని డైరీ, ఖర్చు లెక్కలతో సహా

హైదరాబాద్ నాగోలులో మా ఇంటి పై పోర్షన్‌ది ఈ వంటగది. 2004లో ఇల్లు కట్టినప్పటి నుంచి చెయ్యి పెట్టలేదు. 8 అడుగుల పొడవు, 7 అడుగుల 3 అంగుళాల వెడల్పు. ఎల్ ఆకారంలో కడప బండ గట్టు, దాని కింద ఇటుక కాళ్లు, తలుపుల్లేని అరలు. అద్దె 14,000. మాడ్యులర్ షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్ 1,35,000, అంటే దాదాపు పది నెలల అద్దె. అది పెట్టినా అద్దె మహా అయితే వెయ్యో, పదిహేను వందలో పెరుగుతుంది. అందుకే గీసుకున్న గీత 55,000.

ఖాళీ చేసి వెళ్తున్నప్పుడు పాత అద్దెకున్నావిడను అడిగాను, ఈ వంటగదిలో ఏది ఇబ్బంది పెట్టిందని. "సింకు పక్కన కడిగిన గిన్నెలు పెట్టే జాగ లేదన్నా. మిక్సీ వెయ్యాలంటే ఫ్రిజ్ ప్లగ్గు పీకాలె. కింద అరల్లో ఎప్పుడూ తడే" అంది. డిజైన్ మొత్తం ఈ మూడు మాటల మీదే నడిచింది. దానికి నేను కలిపినవి రెండు షరతులు: నీళ్లు తగిలే చోట చెక్క ఉండకూడదు, రేపు ఏది పాడైనా గోడ పగలగొట్టకుండా బాగుచెయ్యగలగాలి.

దశ 1: కొలతలు

టేపు పట్టి పొడవు, వెడల్పు రాసుకుంటే చాలదు. పాత ఇళ్లలో మూలలు మూలమట్టానికి ఉండవు. చూసుకునే పద్ధతి ఇది:

1. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగుల దగ్గర, రెండో గోడ మీద 4 అడుగుల దగ్గర పెన్సిల్ గుర్తు పెట్టాలి.
2. ఆ రెండు గుర్తుల మధ్య ఐమూల కొలవాలి. సరిగ్గా 5 అడుగులొస్తే మూల సరిగా ఉన్నట్టు.
3. గట్టు ఎత్తులో ఒకసారి, దానికి రెండడుగుల పైన ఇంకోసారి కొలవాలి. రెండూ ఒకేలా రావాలనేం లేదు.

మాకు 5 అడుగుల అరంగుళం వచ్చింది. వినడానికి అరంగుళమే. కానీ పొట్టి గోడ 6 అడుగుల 3 అంగుళాలు సాగి చివరికొచ్చేసరికి తేడా అంగుళంపావు అవుతుంది. అందుకని గ్రానైట్ షాపుకు కొలతల కాగితం పంపలేదు. ఫ్రిజ్ అట్టపెట్టెలు విప్పి, గోడను ఆనించి కత్తిరించి, ఆ అట్టలే పట్టుకెళ్లాను. షాపువాడు ముందు నవ్వాడు గానీ, బండ కోసేటప్పుడు అట్ట మీదే గీత గీసుకున్నాడు.

పాత గట్టు ఎత్తు 30 అంగుళాలు, కాస్త పొట్టి. ఇదే మాకు కలిసొచ్చింది. కాళ్లు, కింది కడప బండ గట్టిగానే ఉన్నాయి కాబట్టి వాటిని ఉంచేసి, పైన ముప్పావు అంగుళం మాలు, ముప్పావు అంగుళం గ్రానైట్ వేస్తే 31½ అంగుళాలకు వస్తుంది. దాని మీద స్టవ్వు పెట్టాక ఎత్తు సరిపోతుంది. గట్టు మొత్తం కూల్చి కొత్తగా కట్టే ఖర్చు తప్పింది.

రసమట్టం (సమతలం చూసే పరికరం), రాయి కోసే గ్రైండర్‌కు డైమండ్ బ్లేడ్లు: 650
ఇప్పటిదాకా: 650

దశ 2: కూల్చడం

సింకు దగ్గరి కడప బండ, గట్టు పైన రెండడుగుల ఎత్తు పాత టైల్స్, తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప పైపు) కుళాయి లైను తీసేయాలి. అంతవరకే అనుకున్నాం.

కడప బండ సున్నపురాయి జాతి. పొరలు పొరలుగా ఉంటుంది. ఇరవై ఏళ్లు తడిలో నానిన సింకు అంచు సుత్తి తగలకుండానే రేకుల్లా లేచి వచ్చింది. స్టవ్వు పక్కన తెల్లటి మచ్చలు చింతపండు పులుసుకీ నిమ్మకాయకీ పడ్డవి. పులుపు సున్నపురాయిని తింటుంది, ఎంత తోమినా ఆ మచ్చ పోదు. పై పలక గ్రానైట్ కావాలనుకున్నది ఇందుకే. కింద ఆసరాకు మాత్రం కడప బండను మించింది లేదు.

అసలు సంగతి టైల్స్ ఊడదీశాక బయటపడింది. సింకు వెనక ప్లాస్టరు వేలితో నొక్కితే ముద్దలా దిగింది. "సార్, ఇది గోడ కాదు, చెరువు గట్టు" అన్నాడు మేస్త్రీ. చెక్కుకుంటూ పోతే జీఐ ఎల్బో (పైపు మలుపు దగ్గరి అతుకు ముక్క) దగ్గర సూదిమొనంత చిల్లు. గోడకు చెవి ఆనిస్తే సన్నగా చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తోంది. కింద మా స్టోర్ రూం గోడకు ఏటా వచ్చే చెమ్మ మచ్చకు ఏటా పెయింట్ వేయించే మాకు, ఆ నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతున్నాయో అప్పుడు తెలిసింది. అరల్లో తడి కూడా ఈ ఎల్బో చలవే.

పాత ఇంట్లో పని మొదలుపెట్టేవాళ్లు టైల్స్ తీయకముందే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టానికి రాత్రి గుర్తు పెట్టి, మోటారు వెయ్యకుండా పొద్దున చూడాలి. మట్టం దిగితే నీళ్లు ఎక్కడో పోతున్నట్టే.

చెత్త మూటలు కట్టి ఆటో ట్రాలీ పిలిస్తే, "మూడు వందలు తక్కువియ్యండి, మూసీ ఒడ్డున పోసొస్తా" అన్నాడు డ్రైవరు. నిర్మాణ వ్యర్థాలు తీసుకునే కేంద్రం పక్కనే ఫతుల్లాగూడలో ఉంది, ఇంకొకటి జీడిమెట్లలో. ఆ మూడు వందలకు మూసీ ఎందుకు?

కూలీ 2,800, ఖాళీ సంచులు 240, ట్రాలీ 1,200
ఇప్పటిదాకా: 4,890

దశ 3: నీళ్ల లైను, మురుగు పైపు

మొదటి ప్లాను చవకది. గోడలో ఉన్న జీఐ పైపును బాగున్న చోట ఆపేసి, అక్కడ ఇత్తడి అడాప్టర్ బిగించి, మిగతాది సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపుతో సింకు దాకా తేవడం. ప్లంబర్ అలాగే చేశాడు. చివరలకు ప్లగ్గులు బిగించి వాల్వు తిప్పాం. సీపీవీసీ అతుకులన్నీ పొడిగా ఉన్నాయి, ఇత్తడి, జీఐ కలిసిన చోట మాత్రం చెమట పట్టింది. విప్పి, టెఫ్లాన్ టేపు ఇంకాస్త చుట్టి బిగిస్తే ఇంకో పక్క నుంచి కారింది. టార్చి వేసి లోపల చూస్తే మరలు తుప్పుకు కరిగిపోయి నున్నగా ఉన్నాయి. పట్టు లేని మరకు ఎంత టేపు చుట్టినా లాభం లేదు.

ఇక గోడలోని జీఐని పూర్తిగా వదిలేశాం. మేడ మీది ట్యాంకు దగ్గర దానికి మూత బిగించి, కొత్త సీపీవీసీ లైను బయటి గోడ వెంట దించి, కిటికీ పక్కన చిల్లు వేసి సింకు కిందకు తెచ్చాం. ఖర్చు పెరిగింది. కానీ ఇప్పుడు గోడలో నీళ్ల పైపంటూ లేదు. సింకు కింద మొత్తం కళ్లకు కనిపిస్తుంది, రేపు యాంగిల్ కాక్ (సింకు కింది చిన్న వాల్వు) మార్చడానికి మేస్త్రీ అక్కర్లేదు. పైపు బయటికి కనిపిస్తే అందంగా ఉండదని ఇద్దరు ముగ్గురన్నారు. అద్దె ఇంట్లో కనిపించే పైపే మేలు.

ఈ పని చేసేవాళ్లకు:

1. సీపీవీసీ కోసిన అంచును లోపలా బయటా గీకి నున్న చేయాలి. పొట్టు మిగిలితే సాల్వెంట్ (పైపులు అతికే జిగురు) సరిగా పట్టదు.
2. సాల్వెంట్ పూసి, లోపలికి నెట్టి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది.
3. డబ్బా మీద రాసిన ఆరే సమయం అయ్యేదాకా నీళ్లు వదలకూడదు. ప్లంబర్ తొందర పడతాడు, మనం పడకూడదు.
4. ఎండ తగిలే సీపీవీసీకి నీళ్లలో కలిపే ఎమల్షన్ పెయింట్ వెయ్యాలి. ఎండకు ఆ పైపు పెళుసెక్కుతుంది. ఆయిల్ పెయింట్ మాత్రం వద్దు, అందులోని ద్రావకం పైపుకు పడదు.

మురుగు వైపు పాత ముడతల గొట్టం తీసి పారేశాను. ఆ ముడతల్లోనే జిడ్డు, అన్నం మెతుకులు పేరుకుంటాయి. దాని బదులు నున్నటి పీవీసీ పైపు, పీ ట్రాప్ (నీళ్లు నిలిచేలా వంగిన పైపు ముక్క) వేయించాను. సీసా ఆకారంలో ఉండే బాటిల్ ట్రాప్ చూడ్డానికి బాగుంటుంది గానీ, అది వాష్‌బేసిన్‌కు సరిపోయే సరుకు. వంటింటి మెతుకులకు ఇట్టే పూడుతుంది. పీ ట్రాప్ వంపులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి వాసన, బొద్దింకలు పైకి రావు. పైపు వాలు అడుగుకు పావు అంగుళం. ఇది రసమట్టంతో చూసుకోవాల్సిందే, కంటి అంచనాకు అందదు.

కుళాయి గోడకు బిగించే హంసమెడ రకం. మాది బోరు నీళ్లు, ఉప్పెక్కువ. మూతి దగ్గరి జల్లెడ చేత్తో విప్పి కడుక్కునేలా ఉన్నదే తీసుకున్నాను.

సామాను 5,140, కుళాయి 1,150, ప్లంబర్ 3,300
ఇప్పటిదాకా: 14,480

తడి గోడను చెక్కేశాక వెంటనే ప్లాస్టర్ చెయ్యలేదు. ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. టులెట్ బోర్డు చూసి జనం వస్తూనే ఉన్నారు, ఖాళీగా గడిచే ప్రతి వారం అద్దె పోతూనే ఉంది. అయినా తడి మీద ప్లాస్టర్ వేస్తే ఉప్పు పొంగి టైల్స్‌ను నెట్టేస్తుంది. రాత్రి ఒక పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటిస్తే, పొద్దున దాని లోపల చెమ్మ పట్టకూడదు. చెమ్మ పట్టలేదని తేలాకే మాలు కలిపించాను.

సిమెంటు 760, ఇసుక 900, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ 180, కూలీ 2,000
ఇప్పటిదాకా: 18,320

దశ 4: గ్రానైట్, సింకు

గట్టు వైశాల్యం ఇలా: పొడుగు పక్క 8 × 2 = 16 చదరపుటడుగులు. మూల పోగా పొట్టి పక్క 4 అడుగుల 3 అంగుళాలు × 2 = 8½. కలిపి 24½. కోతలో పోయేది చేర్చి షాపువాడు 30 అడుగుల లెక్క కట్టాడు. ముదురు గోధుమ రంగు టాన్ బ్రౌన్, అడుగు 140. కరీంనగర్ వైపు తీసే రాయి కాబట్టి హైదరాబాద్‌లో దొరకడం కష్టం కాదు. తెల్ల రంగు రాళ్లు వద్దనుకున్నాను, పసుపు మచ్చ పడిందంటే అద్దెకున్నవాళ్లకీ నాకూ పంచాయితీ.

సింకు 24 × 18 అంగుళాలది, 304 గ్రేడ్ (తుప్పును బాగా తట్టుకునే రకం) స్టీలు. షాపులోనే సింకు కంత కోసి పంపారు. కంతకూ ముందు అంచుకూ మధ్య మిగిలిన పట్టీ రెండున్నర అంగుళాలు. మెట్ల మలుపులో నలుగురు పట్టి పైకెత్తుతుండగా ఆ పట్టీ దగ్గరే టప్పుమని విరిగింది. 8 అడుగుల బండకు మధ్యలో కంత ఉంటే, బరువంతా ఆ సన్న పట్టీ మీదే పడుతుంది మరి. షాపువాడితో కాసేపు వాదన నడిచాక, కొత్త బండకు 1,450 తీసుకుని ఇచ్చాడు. విరిగిన ముక్కలు బాత్రూం గడపకు, కిటికీ కింది అంచుకు సరిపోయాయి.

రెండోసారి వరస మార్చాం:

1. బండ కంత లేకుండా నిండుగా తెప్పించాం.
2. వేయకముందే బోర్లా తిప్పి, సింకు ముందు పట్టీ వచ్చే చోట గ్రైండర్‌తో గాడి తీసి, అందులో 6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ పెట్టి ఎపాక్సీ జిగురుతో నింపాం.
3. ముందు అంచుకు అరంగుళం లోపల, అడుగు వైపు, పొడవునా 3 మి.మీ. లోతు గీత కోయించాం.
4. కింది కడప బండలో కంత సింకు కన్నా అంగుళం పెద్దదిగా ముందే ఉంచాం.
5. మాలు మీద బండ పరిచి, గట్టిపడ్డాక, ఉన్న చోటే నీళ్లు పోస్తూ 4 అంగుళాల గ్రైండర్‌తో కంత కోశాం. ముందు పట్టీ ఈసారి మూడున్నర అంగుళాలు.

మూడో అంకెలోని గీత సంగతి చెప్పాలి. గట్టు మీద ఒలికిన నీళ్లు అంచు దాటి బొట్టుగా రాలిపోవు. బండ అడుగును పట్టుకుని వెనక్కి పాకుతాయి, అక్కణ్నుంచి తలుపు మీదకు దిగుతాయి. ఈ గీత తగిలితే అక్కడే ఆగి కింద పడతాయి. కోయించాక గ్లాసుడు నీళ్లు అంచు మీద పోసి, కింద వేలు పెట్టి చూశాను. గీతకు ఇవతల తడి, అవతల పొడి. మొత్తం పనిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడింది ఇంకొకటి లేదు.

ఇంకొక జాగ్రత్త. గట్టును గోడ వైపు కాస్త వాల్చడం కొందరు మేస్త్రీలకు అలవాటు, నీళ్లు ముందుకు కారవని. అలా చేస్తే నీళ్లు గోడ అతుకులో నిలుస్తాయి. రసమట్టం నాలుగు చోట్ల పెట్టి సమంగానే వేయించాను. సింకును ఎడమకు జరిపి, కుడి పక్కన గిన్నెలు బోర్లించడానికి రెండడుగుల జాగా వదిలాం.

గ్రానైట్ 4,200, అంచు నోసింగ్ (అంచును నున్నగా గుండ్రం చేయడం) 735, కోత 600, రవాణా 800, కొత్త బండకు 1,450, సింకు 3,900, కడ్డీ, ఎపాక్సీ 420, కడప బండ ముక్క 650, కూలీ 4,000. మొత్తం 16,755
ఇప్పటిదాకా: 35,075

దశ 5: టైల్స్

దీనిలో పెద్ద కథ లేదు. గట్టు పైన రెండడుగులు, 12 × 18 అంగుళాల టైల్స్ నాలుగు పెట్టెలు. సిమెంటు పాలు కాకుండా అడెసివ్‌తో (టైల్స్ జిగురు) అంటించాం. టైలుకూ గ్రానైట్‌కూ మధ్య 3 మి.మీ. వదిలి అక్కడ సిలికాన్ నింపాం. అక్కడ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే పొడి మాలు) వేస్తే బండ కాస్త కదిలినా పగులుతుంది. గ్రౌట్ బూడిద రంగు. తెల్లది పోపు పొగకు రెండు నెలల్లో ఎలాగూ ఆ రంగుకే వస్తుంది.

రూపాయి బిళ్లతో ప్రతి టైలునూ తట్టి చూస్తే రెండు డొల్లగా మోగాయి. ఆరకముందే తీసి మళ్లీ వేయించాను.

టైల్స్ 1,400, అడెసివ్ 840, గ్రౌట్ 160, స్పేసర్లు 60, కూలీ 2,000
ఇప్పటిదాకా: 39,535

దశ 6: కరెంటు

ఫ్రిజ్ ప్లగ్గు పీకే బాధ తీరాలంటే పాయింట్లు పెంచడం ఒక్కటే సరిపోలేదు. పాత సాకెట్‌కు వచ్చిన తీగ మరీ సన్నం, లైట్లకు వేసేది. గ్యాస్ అయిపోయిన రోజు అద్దెకున్నవాళ్లు ఇండక్షన్ స్టవ్వు పెడతారు. 2,000 వాట్లది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆ సన్న తీగ వేడెక్కి కూర్చుంటుంది.

రెండు 16 ఆంపియర్ పాయింట్లకు 4 చదరపు మి.మీ. రాగి తీగ, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు). మిక్సీకి 6 ఆంపియర్లవి రెండు. అన్నీ సింకుకు దూరంగా, పొట్టి పక్కన. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ముందే ఉంది, టెస్ట్ బటన్ నొక్కి చూశాం, టక్కున పడింది. చిమ్నీ జోలికి పోలేదు, కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు.

సామాను 2,900, ఫ్యాను 1,650, ఎలక్ట్రీషియన్ 1,800
ఇప్పటిదాకా: 45,885

దశ 7: కింది తలుపులు

ప్లైవుడ్ పెట్టెలు చేయించకుండా, ఉన్న ఇటుక కాళ్లకే తలుపులు. అల్యూమినియం ఫ్రేము, అందులో ఏసీపీ షీటు (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక). నేల నుంచి మూడంగుళాలు పైకి, తడి గుడ్డతో తుడిస్తే నీళ్లు తగలకుండా. సిలిండరు గూడుకు తలుపే లేదు. గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే నేల మట్టాన పేరుకుంటుంది. దాన్ని డబ్బాలో మూసిపెట్టడం మంచిది కాదు. గూడు వెడల్పు 18 అంగుళాలు. సిలిండరు ఎత్తు కొలిస్తే 25 అంగుళాలు వచ్చింది, పైన రెగ్యులేటరు తిప్పే చెయ్యికి చోటుంది. గొట్టం మీటరున్నర దాటకుండా స్టవ్వు చోటు దానికి దగ్గరగా ఖాయం చేశాం.

బిగించిన వారానికే ఒక తలుపు 5 మి.మీ. కిందకు వాలి పక్కదాన్ని రాసుకుంటోంది. బందులు గట్టిగానే ఉన్నాయి, ఫ్రేమే ఊగుతోంది. స్క్రూ విప్పితే 35 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గు చేతికొచ్చింది. ప్లాస్టరే 20 మి.మీ. మందం ఉంది, ఇటుకలోకి దిగింది ఎంతని? అన్నీ పీకించి 80 మి.మీ. ఫ్రేమ్ యాంకర్లు (ఇటుకలోకి లోతుగా దిగే పొడుగు బిగింపులు) వేయించాను. చిల్లులు ఇటుకలో పడాలి, మాలు వరసలో కాదు. కాలు అంచుకు రెండంగుళాల లోపల పడాలి, లేకపోతే ఇటుక చీలుతుంది. ఆ తర్వాత తలుపు తెరిచి, దాని మీద చేతులాన్చి వేలాడినంత పని చేశాను. కదల్లేదు.

తలుపులు 19 చదరపుటడుగులు × 480 = 9,120, కాళ్లకు ఫ్రేము 2,300, యాంకర్లు, మళ్లీ బిగింపు 540
ఇప్పటిదాకా: 57,845

దశ 8: మిగతావి

గోడకు గిన్నెల స్టాండు 1,450, సిలికాన్ 440, కడగగలిగే పెయింట్ 1,650, పెయింటర్ 1,600.
మొత్తం: 62,985

అనుకున్నదానికన్నా 7,985 ఎక్కువ. అందులో పెద్ద వాటా గోడలోని ఎల్బోది: కొత్త లైను, ప్లాస్టరు. తర్వాత విరిగిన బండ. ఖాళీగా పోయిన అద్దె ఈ లెక్కలో లేదు. తగ్గించాలనుకునేవాళ్లు తలుపుల దగ్గర తగ్గించవచ్చు, పట్టాలు వేసి పరదాలు కట్టినా బతుకుతారు. ట్రాప్, తీగ, సింకు గ్రేడు దగ్గర మాత్రం తగ్గించకండి.

కొత్తవాళ్లకు తాళాలు ఇచ్చేముందు సింకు నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదిలి, ట్రాప్ కింద పాత పేపరు పరిచి చూశాం. పేపరు పొడిగానే ఉంది. మిగిలిన టైల్స్, పావుకిలో గ్రౌట్, యాంకర్లు ఒక సంచిలో వేసి అటక మీద పెట్టాం. సింకు కింది పైపులకు టేపు ఆనించి తీసిన ఫోటోలు ప్లంబర్‌కూ, అద్దెకొచ్చినవాళ్లకూ పంపాను. బయటి పైపుకు పెయింట్ రెండో పూత ఇంకా బాకీ ఉంది.